ఆయన పేరెవరు చెప్పాలి?

“పిల్ల నచ్చింది. పిల్లను కన్న తల్లి నచ్చింది. మరి పిల్ల తండ్రి ఏడి?”

ఉమ్రి నుంచి పెళ్లిచూపులకు వచ్చిన రఖమాబాయి ఆ మాట అడగ్గానే సంగవ్వ గుండె గతుక్కుమంది. గడప లోపల తలొంచుకుని కూర్చున్న చంద్రభాగ ఇంకా వంగిపోయింది. అడక్కుండా ఉంటారా మరి! ఆడపిల్లను ఇంటికి తెచ్చుకునేవాళ్లు తండ్రి ముఖం చూడకుండా తాంబూలం పుచ్చుకుంటారా? ఈ ప్రశ్న వస్తుందని సంగవ్వకు ముందే తెలుసు. తెలిసే, పొద్దుటి నుంచి అలికిన ఇల్లే మళ్లీ అలికింది, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. చేతులకు పని చెప్తే మనసు కాసేపు ఊరుకుంటుందేమోనని ఆశ. ఎక్కడ ఊరుకుంటుంది...

కోడలు నోరు తెరిచేలోగా గోడకు ఆనుకుని కూర్చున్న అత్త ఎంకవ్వ అందుకుంది. “నా కొడుకు బొంబాయిల ఉన్నడు. పెద్ద పని దొరికింది. లగ్గం నాటికి అస్తడు.”

కరువు ఏడాది నుంచీ ఆ ముసలమ్మ ఇదే చెప్తోంది. మొదట నిజామాబాద్‌లో ఉన్నాడంది, తర్వాత బొంబాయి అంది. ఊళ్లో ఎవరూ నమ్మరు. ఆమె కళ్లలోకి చూసి కాదనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

రఖమాబాయి గయ్యాళి మనిషి కాదు. గొంతు తగ్గించే అంది. “అవ్వా, తప్పు పట్టుకుంట అడుగుతలేను. ఉంటే ఉన్నడను, పోతే పోయిండను. తండ్రి లేని పిల్లను చేసుకుంటె మాకేం నామోషి లేదు, మేనమామనో పెదనాయిననో పీటల మీద కూసుంటడు. కని ఉండి రాకపోతె మావోళ్లు ఊకోరు. పెండ్లాం పిల్లల్ని ఇడిసి పారిపోయినోని బిడ్డను తెచ్చుకున్నరంటరు. దసరా దాంక చూస్తం. ఏదో ఒకటి తేల్చుండ్రి.”

వాళ్లు వెళ్లిపోయారు. సంగవ్వ కాలు కాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగింది. ఎలా తేల్చడం? తేలే సంగతైతే ఎనిమిదేళ్లు ఎందుకు నానుతుంది? డెబ్బై రెండు కరువులో బావులు అడుగంటి, కూలి పని పుట్టక, ఊళ్లో మగవాళ్లంతా రాళ్లు కొట్టే కరువు పనికి నాందేడ్ పోయారు. చంద్రభాగ తండ్రీ పోయాడు. అప్పటికి పిల్లకు పాలపళ్లు ఊడుతున్నాయి. ఒకటి రెండుసార్లు వచ్చిపోయేవాళ్ల ద్వారా కబురు పంపాడు. తర్వాత ఊరివాళ్ల గుంపు విడిచి వేరే పనికి పోయాడన్నారు. అంతే, మళ్లీ మాట లేదు.

అప్పటి నుంచీ సంగవ్వ బతుకు చూడండి... మెడలో పుస్తె ఉంది, నుదుట బొట్టు ఉంది. శుక్రవారం వస్తే చాలు అత్త పట్టుబట్టి కోడలి కాళ్లకు పసుపు రాయిస్తుంది. “నా కొడుకు గట్టిగున్నడు, నువ్వు పుణ్యస్త్రీవి” అంటుంది. కానీ ఊళ్లో పెళ్లయితే పసుపు దంచడానికి సంగవ్వను ఎవరూ పిలవరు. వెళితే పొమ్మనీ అనరు, పక్కకు జరిగి చోటిస్తారు. ఆ జరగడమే ఆమెకు చెంపదెబ్బ! ముత్తైదువల్లో కలవనివ్వని, విధవల్లో కూర్చోనివ్వని ఆ మధ్య చోటులో ఎనిమిదేళ్లు నిలబడితే ఎవరికైనా పిచ్చెక్కుతుంది. బిలోలి నుంచి వచ్చే ఎస్టీ బస్సు హారన్ వినబడితే పొయ్యి మీద ఏముందో మరిచి గడప దగ్గరికి వచ్చేసేది. వచ్చి, దిగినవాళ్లందరినీ చూసి, లోపలికి పోయి మాడిన కూర గీరుకునేది.

ఊళ్లో రేషన్ దుకాణం నడిపే శివన్న ఒక దారి చెప్పాడు. “అక్కా, నాందేడ్ల పుట్టినోళ్లను, సచ్చినోళ్లను రాసే కచేరి ఉంటది. ఆయన గిట్ల ఆడనే... మరి నేననొద్దు గని, అయితే గియితే పుస్తకంల నోందు రాసి ఉంటది. ఒక్కసారి పోయి అడిగి రా.”

ఆ మాట చెవిన పడగానే ఎంకవ్వ లేచి నిలబడింది. “నా కొడుకును సచ్చినోళ్లల్ల దేవులాడ వోతున్నవా? నీ నోట్ల మన్ను వడ. ఏ తల్లి కన్నదే నిన్ను?”

సంగవ్వ ఏనాడూ అత్తకు ఎదురు చెప్పలేదు. ఆ రోజు చెప్పింది. “దేవులాడితె దొరకకపోనీ అత్తా. దొరకకపోతె నీకన్న ముందు నేనే మొక్కు చెల్లిస్త. కని ఇగ నాతోని అయితలేదు. ఉన్నడని నవ్వరాదు, పోయిండని ఏడ్వరాదు. నీ మనుమరాలి లగ్గం గూడ నా లెక్కనే నడిమిట్ల ఆగాలెనా, చెప్పు.”

ముసలమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. సంగవ్వ కూతుర్ని వెంటబెట్టుకుని మొదటి బస్సు ఎక్కింది.

కచేరిలో గుమాస్తా పేరు దిగంబర్. కళ్లజోడు ముక్కు మీదికి జారిపోయిన మనిషి. సగం మరాఠీ, సగం తెలుగు కలిపి మాట్లాడతాడు. కరువు ఏడాది అనగానే విసుక్కోకుండానే పాత పుస్తకాలు దింపించాడు. “ఆఁ, చెప్పు. పోయినాయన పేరేంది?”

సంగవ్వ నోరు మూతపడింది.

బస్సులో దారి పొడవునా ఏమేం అడగాలో అన్నీ అనుకుంది. ఇది మాత్రం అనుకోలేదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని పుట్టింట్లో తల్లి చెప్పింది, మెట్టింట్లో అత్త చెప్పింది. ఇంతవరకు ఆ పేరు ఆమె పెదాల మీదికి రాలేదు. ఇప్పుడు ఆయన చచ్చాడా బతికాడా అని అడగాలన్నా ఆ పేరే పలకాలి! బతికి ఉంటే? తన నోటితోనే తాను... తల దించుకుని కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది.

“రామదాస్” అంది పక్క నుంచి చంద్రభాగ. “మా బాపు పేరు రామదాస్, సాబు.”

ఊళ్లో భజనకు పోతే ‘రామ’ అన్నచోటల్లా సంగవ్వ నోరు మూసుకుని ఉత్త చప్పట్లు కొట్టేది. పక్కనున్న ఆడవాళ్లు మోచేత్తో పొడిచి నవ్వేవారు. ఆ నవ్వులన్నీ ఇప్పుడు గుర్తొచ్చాయి. కూతురు తన చెయ్యి పట్టుకుంటే వదిలించుకుని, మళ్లీ తనే గట్టిగా పట్టుకుంది. గుమాస్తా వేలు కాగితాల మీద నెమ్మదిగా దిగుతోంది. ఆ వేలు ఆగినప్పుడల్లా ఆమె ఊపిరి ఆగింది.

చివరికి ఆయన తల ఎత్తాడు. “లేడు. ఇద్దరు రామదాసులున్నరు గని ఒకరు ముసలాయన, ఇంకొకరు ఈ ఊరి దుకాణదారు. నీ మనిషి ఇందుల లేడు.”

లేడు! అంటే ఉన్నాడు. సంగవ్వ గుండె ఒక్కసారి తేలికైంది. ఆ మరుక్షణమే మళ్లీ బరువెక్కింది. ఉంటే ఎక్కడ? ఉండి ఎందుకు రాలేదు? ఇంటికి పోయి ఏం చెప్పాలి... కాలు కదలక అక్కడే నిలబడితే దిగంబర్ పుస్తకం మూస్తూ గొణుక్కున్నాడు.

“ఈ ఆడోళ్లతోని పెద్ద పరేషాన్. మొగని పేరు చెప్పరు, పని మాత్రం కావాలె. గిట్లనే ఇంకొకామె ఉన్నది. గోదారి ఒడ్డుకు బొందలగడ్డల ఒక సమాధి పక్కపొంటి వాననీళ్ల నాలా కోసుకపోతున్నదని ప్రతి వానకాలం తక్రారు తెస్తది. ఎవ్వరి సమాధి అంటె చెప్పది. పూడ్చిననాడు గూడ చెప్పలేదు. కరువు పనికాడ జరం వచ్చి పోయిన మనిషి. పేరు లేని సమాధికి తక్రారు ఏమని రాసుకోవాలె నేను?”

సంగవ్వ చెవులు నిక్కపొడుచుకున్నాయి. “సాబు... పేరు తెలవదు అన్నదా? చెప్ప అన్నదా?”

“తెలవకపోతె తెలవదనే రాస్తుంటిమి గద. తెలుసు. చెప్పది. తల దించుకుని కొంగు వేలికి సుట్టుకుంట నిలవడ్తది, అచ్చం నీ లెక్కనే. బిలోలి దిక్కు మనిషని పనికాడోళ్లు చెప్తె గంతమటుకు రాసిన్రు.”

చంద్రభాగకు ఏమీ అర్థం కాలేదు. ఆమె ఇంకా పెళ్లికాని పిల్ల. సంగవ్వకు మాత్రం అరికాలి నుంచి నడినెత్తి దాకా మంట పుట్టింది. ఏ ఆడదైనా మగవాళ్ల పేర్లు చెప్తుంది... అన్న పేరు, తమ్ముడి పేరు, తోటి కూలీ పేరు. తెలిసీ నోరు విప్పనిది ఒక్క పెళ్లాం మాత్రమే. తమ బిలోలి వైపు మనిషికి, నాందేడ్ బొందలగడ్డలో పెళ్లామెక్కడి నుంచి వచ్చింది?

“నడువు” అంది కూతురితో.

బొందలగడ్డ దాకా దారి అడుగుతూ, తప్పుతూ, పరుగులాంటి నడకతో పోయింది. దారిలో నోటికొచ్చిన తిట్లన్నీ కూడగట్టుకుంది. దొరికిందా, జుట్టు పట్టుకుని గోదారి దాకా ఈడుస్తాను అనుకుంది. తను అనుకున్నది అబద్ధం కావాలని కూడా మొక్కుకుంది. రెండూ ఒకేసారి. ఆడదాని మనసు అంతే కదా.

వాన వెలిసి నేలంతా బురదగా ఉంది. కాలువ పక్కన ఒక దిబ్బకు ఒకామె తట్టతో మట్టి తెచ్చి కప్పుతోంది. తనకంటే చిన్నదే. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. సంగవ్వ దగ్గరికి పోయి నిలబడింది.

“ఇందుల ఎవరున్నరు?”

“మా ఇంటాయన” అంది ఆమె, తల ఎత్తకుండానే.

“పేరేంది?”

ఆమె మట్టి తడుతున్న చెయ్యి ఆగింది. మెల్లగా తల ఎత్తి సంగవ్వను చూసింది. ఆ వెనక నిలబడిన పిల్లను చూసింది. తట్ట చేతిలోంచి జారిపోయింది.

“చంద్రభాగా...”

పిల్ల బెదిరిపోయింది. “నా పేరు నీకెట్ల తెలుసు?”

“గదే నొసలు, గదే ముక్కు...” ఆమె బురదలోనే కూలబడింది. “జరం మీద మూలుగుకుంట నీ పేరే తలిసిండు బిడ్డా. నా పేరు ఒక్కసారి తలువలే.”

ఇంకేం కావాలి? సంగవ్వ ఆ దిబ్బ పక్కనే కూర్చుండిపోయింది. ఇక్కడున్నాడు. నిజామాబాద్‌లోనూ లేడు, బొంబాయిలోనూ లేడు. ఒక్క బస్సు ఎక్కితే వచ్చేంత దూరంలో, ఈ మట్టికింద, ఇన్నేళ్లుగా ఉన్నాడు. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. కోపమే ముందు వచ్చింది.

“నువ్వెవ్వతివే?”

“నా పేరు జనాబాయి.” దాచుకోకుండా చెప్పింది. “నాకెవ్వరు లేకుండె అక్కా. కరువు పనికాడ తిననీకి సుకడి పిండి పంచే లైన్ల నన్ను అందరు ఎనక్కి నూకుతుంటె, ఆయన జరిగి జాగ ఇచ్చిండు. గట్ల మొదలైంది. ఇంటికాడ పెండ్లామున్నదని దాసలే. పోత పోత అనుకుంటనే ఉండె. జర ఆగు అని నేనే అన్న. ఇంతల జరం వచ్చింది.”

“పుస్తె కట్టిండా?”

“లేదు.”

“మరి పేరు చెప్పనీకి నీకేం రోగం? పుస్తె లేనిదానికి నోరెందుకు రాలే?”

జనాబాయి కళ్లు తుడుచుకుంది. “ఏమో అక్కా. గుమాస్తా అడిగిండు. చెప్దామనే నోరు తెరిచిన... రాలే. చెప్తె ఆయన నాకేం గానట్టు అయితదనిపించింది.”

సంగవ్వకు అప్పుడు కట్ట తెగింది. “ఎనిమిదేండ్లు! బస్సు హారన్ వినవడితె నా పానం గడప దాటేది. ఎవ్వడన్న ఆయన అంగీసొంటి అంగీ తొడుక్కుని దిగితె ఉరికేదాన్ని. నువ్వు ఒక్క పేరు చెప్తె కబురు అందుతుండె. నేను కడుపు నిండ ఏడ్చి, తుడుచుకుని, నా బిడ్డను సాదుకుంటుంటి. నన్ను ఏడువనీయలేదు గదనే నువ్వు...”

“అందుకే చెప్పలే” అంది జనాబాయి. “నోరు రాలేదన్నది ఒకటి. ఇంకొకటి గూడ ఉన్నది. పేరు చెప్తె నువ్వస్తవు. నువ్వస్తె ఈ మట్టి నీదైతది. నాకు ఇదొక్కటే ఉండె అక్కా. పాపమే చేసిన. నువ్వు కొట్టినా పడ్త.”

కొట్టడానికి సంగవ్వ చెయ్యి లేచింది కూడా. కాలువ పక్క దిబ్బ చుట్టూ పేర్చిన రాళ్లు కంటబడ్డాయి. ఏ వానకు ఏ రాయి జారిందో, ఎన్నిసార్లు తిరిగి పెట్టిందో! తాను గడప దగ్గర నిలబడిన వానకాలాలన్నీ ఈమె ఇక్కడ మట్టి మోసింది. చెయ్యి దానంతటదే కిందికి దిగింది. అప్పుడు ఏడ్చింది సంగవ్వ. ఆ మట్టి మీద నుదురు ఆనించి, నోట్లో కొంగు కుక్కుకుని, శబ్దం బయటికి రాకుండా ఏడ్చింది. చంద్రభాగ ఒకసారి తల్లిని, ఒకసారి ఆ పరాయిదాన్ని చూస్తూ, ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక నిలబడే ఉంది.

“అవ్వా” అంది చివరికి పిల్ల. “ఉమ్రోళ్లకు ఏమని చెప్దం?”

అదీ అసలు ప్రశ్న. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరికే అన్నారా? పారిపోయినవాడి బిడ్డే వద్దన్నవాళ్లు, ఇంకో ఆడదానితో కాపురం పెట్టి చచ్చినవాడి బిడ్డను తెచ్చుకుంటారా? సంగవ్వ జవాబు వెతుక్కుంటూ ఉంటే జనాబాయి లేచి చేతుల మట్టి కడుక్కుంది.

“కచేరికి పోదాం పా అక్కా. పేరు రాయించాలంటె పూడ్చినామె సాక్షి చెప్పాలంటరు. నేను చెప్త. పిల్ల లగ్గానికి నా నీడ పడనియ్య.”

దిగంబర్ ఇద్దర్నీ పక్కపక్కన చూసి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. పాత పుస్తకంలో ఆ పేరు లేని నోందు తెరిచాడు.

“ఇన్నొద్దులకు నోరు తెరుస్తున్నవా? చెప్పు. పోయినాయన పేరు?”

జనాబాయి పెదాలు కదిలాయి. మాట రాలేదు. గోడకేసి చూసింది, కిటికీకేసి చూసింది. సంగవ్వ తన కొంగు నలిపేసుకుంటూ ఉంది. చెప్పవద్దే అని అరవాలనిపించింది, చెప్పకపోతే తన బిడ్డ గతి ఏమిటని వణుకు పుట్టింది.

“రామదాస్” అంది జనాబాయి.

“ఆఁ? గట్టిగ చెప్పు.”

“రామదాస్.”

ఎనిమిదేళ్లు నోట్లో దాచుకున్న పేరు అది. సంగవ్వకు తెలుసు దాని విలువ. ఇంకెవరికి తెలుస్తుంది? దాన్ని నలుగురు వినేలా బయట పెట్టేసింది జనాబాయి. గుమాస్తా రాసుకున్నాడు. రాసి, మళ్లీ అడిగాడు. “ఆయన నీకేమైతడు?”

“ఏం గాడు సాబు. పనికాడి మనిషి. దిక్కు లేదని పూడ్చిన.”

దిగంబర్ కొంచెంసేపు కలం ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. లోకం చూసిన మనిషి, ఏదో అర్థమైంది. కానీ ఆయన అడగవలసింది అడిగాడు, ఆమె చెప్పవలసింది చెప్పింది. “సరే. సమాధి ఇగ ఈమెది. నాలా తక్రారు ఏదన్నుంటె ఈమె తెస్తది. నీకు సంబంధం లేదు, నువ్వు రావద్దు.”

“అట్లనే సాబు” అంది జనాబాయి.

గుమాస్తా ఇచ్చిన కాగితం సంగవ్వ రొండిన దోపుకుంది. బయటికి వచ్చేసరికి జనాబాయి అప్పటికే రోడ్డు దాటుతోంది. పిలవాలనుకుంది. ఏమని పిలవాలో తోచలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాసేపు ఇటు, కాసేపు అటు కదిలింది. అడిగింది దొరికింది కదా, మరి ఈ గుబులేమిటి? జనాబాయి సొమ్మేదో తన చేతిలో పెట్టి పోయినట్టు, తాను దాన్ని దొంగలా ఇంటికి మోసుకుపోతున్నట్టు, ఊరొచ్చేదాకా ఒకటే గుంజాటన.

ఎంకవ్వ కాగితం ముట్టుకోలేదు. కోడలి ముఖం చూసే తెలుసుకుంది. “అబద్ధం” అంది. మళ్లీ మెల్లగా, “ఎవరు పూడ్చిన్రు?” అంది.

“పనికాడోళ్లు, అత్తా.”

“దిక్కులేని శవం లెక్క పూడ్చిన్రా నా కొడుకును? ఎవ్వరు ఏడువలేదా వాని మీద?” ముసలమ్మ గుండెలు బాదుకుంది. సంగవ్వ ఏం చెప్తుంది? నోటి దాకా వచ్చింది... మింగేసింది. ఆ మింగిన మాట ఆ పది రోజులూ ఆమెను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు.

కబురు ఆలస్యంగా అందితే విన్ననాటి నుంచే మైల పట్టడం వాళ్ల ఆచారం. పదో రోజున గోదారి ఒడ్డుకే అందరూ వచ్చారు. ఎంకవ్వ, పాలివాళ్లు, వాళ్లలో పెద్దదిక్కుగా యమునాబాయి. కాబోయే వియ్యపురాలు కదా అని ఉమ్రి నుంచి రఖమాబాయి కూడా వచ్చింది. “పోయినాయనను చూపెట్టిన్రు. ఇగ మాకు అడిగేదేం లేదు” అని సంగవ్వ భుజం నిమిరింది. పెళ్లి నిలబడింది. సంగవ్వ కోరుకున్నది జరిగింది.

ఒడ్డున పీట వేశారు. సంగవ్వను కూర్చోబెట్టి ఆఖరిసారి ముఖం నిండా పసుపు రాశారు, కాసంత బొట్టు పెట్టారు, చేతుల నిండా గాజులు తొడిగారు. ఆడవాళ్లు అందుకుని ఏడుస్తున్నారు. తానూ ఏడుస్తూనే సంగవ్వ చూసింది... దూరంగా, కాలువ అవతల, జనాబాయి నిలబడి ఉంది. దగ్గరికి రావడం లేదు. ఏడవడం లేదు. నలుగురూ చూస్తారని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బిగుసుకుపోయి ఉంది. సంగవ్వకు ఆ బిగుసుకోవడం కొత్త కాదు. ఎనిమిదేళ్లు తాను చేసింది అదే.

యమునాబాయి రాయి అందుకుంది. సంగవ్వ చెయ్యి వెనక్కి లాక్కుంది.

“జర ఆగు అక్కా.” పీట మీద ఒక పక్కకు జరిగింది. గొంతెత్తి పిలిచింది. “చెల్లె, జనాబాయీ, ఇటు రా.”

ఏడుపులు ఆగిపోయాయి. జనాబాయి తల అడ్డంగా ఊపింది. రానంది. సంగవ్వ లేచి పోయి, పసుపు చేత్తోనే ఆమె మణికట్టు పట్టుకుని తీసుకొచ్చింది.

“ఎవరే గీమె?” అంది ఎంకవ్వ.

చంద్రభాగ తల్లి కొంగు లాగింది. రఖమాబాయి కళ్లప్పగించి చూస్తోంది. బిడ్డ పెళ్లి ఒక చేతిలో, జనాబాయి చెయ్యి ఇంకో చేతిలో. కానీ మింగిన మాట ఇక లోపల ఉండనంది.

“నీ కొడుకు దిక్కులేక పోలేదు అత్తా. ఆయనకు నీళ్లు పోసింది ఈమె. మట్టిల పెట్టింది ఈమె. గోదారి కోసుకపోకుంట ఇన్నేండ్లు కాపాడింది ఈమె. నేను పేరు చెప్పనట్టే ఈమె గూడ చెప్పలే. నా బిడ్డ కోసం మొన్న కచేరిల చెప్పింది. గింత చేసినామెను పరాయిదని దూరం నిలవెడితె ఆ మట్టిల ఉన్నాయన ఊకోడు.” తర్వాత రఖమాబాయి వైపు తిరిగింది. “వదినె, నువ్వు చేసుకుంటవో చేసుకోవో నీ ఇష్టం. అబద్ధం చెప్పి పిల్లనియ్య.”

రఖమాబాయి ఆ ఇద్దరాడవాళ్లనూ మార్చి మార్చి చూసింది. “చచ్చినోన్ని ఏమడుగుతం” అంది చివరికి, పెద్దగా నిట్టూర్చి. “బతికున్నోళ్లు గిట్లున్నరు. ఈ ఇంటి పిల్లనే తీస్కపోత. కానియ్యుండ్రి.”

ఎంకవ్వ పాకుతూ పీట దగ్గరికి వచ్చింది. జనాబాయి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది. “నా కొడుకు మీద ఏడ్చినవా?” అని అడిగింది.

“దొంగతనంగ, అత్తా” అంది జనాబాయి.

ముసలమ్మ పసుపు ముద్ద తీసి ఆమె చెంపలకు రాసింది. బొట్టు పెట్టింది. ఎవరో గాజులు తెచ్చి తొడిగారు. పుస్తె కట్టించుకోని ఆ ఆడదానికి పెళ్లి, వైధవ్యం ఒక్క పీట మీదే జరిగిపోయాయి. సంగవ్వ ఆమె చెయ్యి తన చేతి పక్కన పెట్టించింది. యమునాబాయి రాయి ఎత్తి ఇద్దరి గాజులూ పగలగొట్టింది. జనాబాయి అప్పటికీ పెదాలు బిగబట్టి, గొంతులోనే గుటకలు మింగుతోంది. సంగవ్వ ఆమెను ఒళ్లోకి లాక్కుంది.

“గట్టిగనే ఏడువు చెల్లె... నీకేమైతడని ఇగ నిన్నెవ్వరడగరు.”